చేపల ట్యాంకులో ఇసుక వేయొచ్చా? ముందు ఏ ఇసుకో చెప్పండి

మా కింది వాటాలో ఉండే పాప ఒకరోజు సాయంత్రం పరుగెత్తుకుంటూ పైకొచ్చి, "అంకుల్, మా గోల్డ్‌ఫిష్ నోరు మూయట్లేదు, ఒక్కసారి రండి" అంది. వెళ్ళి చూస్తే దాని నోట్లో నీలం రంగు రాయి ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది, బఠాణీ గింజంత. చెయ్యి తడుపుకుని, చేపని తల కిందికి ఉండేలా పట్టుకుని, గొంతు కింద వేలితో మెల్లగా ముందుకి నొక్కితే రాయి టప్పున మగ్గులో పడింది. చేప బతికింది.

ఇందులో చేప తప్పేం లేదు. గోల్డ్‌ఫిష్ తినే పద్ధతే అది. అడుగున ఉన్నదాన్ని నోటినిండా తీసుకుని, అందులో తిండి ఏమైనా ఉంటే ఉంచుకుని, మిగతాది ఉమ్మేస్తుంది, రోజంతా అదే పని. చెరువులో అయితే దాని నోట్లోకి వెళ్ళేది బురద, ఇసుక. మనం మాత్రం సరిగ్గా దాని నోట్లో పట్టేంత సైజు రంగు రాళ్ళు పోసి పెడుతున్నాం.

వాళ్ళ నాన్నగారితో ఈ రాళ్ళు తీసేసి ఇసుక వేయండి అన్నాను. ఆయన వెంటనే, "ఇసుక వేస్తే అడుగున కుళ్ళి విషం పుడుతుందట కదండీ, చేపలన్నీ ఒకేసారి పోతాయని షాపులో చెప్పారు" అన్నారు. ఈ మాట ఆయన ఒక్కరే కాదు, చేపలు పెంచేవాళ్ళలో చాలామంది అంటారు. ఇంకోవైపు, ఇసుక తప్ప ఇంకేదీ వేయను అనేవాళ్ళూ అంతే మంది ఉన్నారు. రెండు వైపులవాళ్ళూ సొంత అనుభవంతోనే మాట్లాడతారు, అదే అసలు చిక్కు. ఒకరు రోడ్డు మీద కుప్ప నుంచి తెచ్చిన సిమెంటు కలిసిన ఇసుక వేసి ఉంటారు, ఒకరు బీచ్ నుంచి తెచ్చి ఉంటారు, ఒకరు అరడుగు మందాన పోసి రెండేళ్ళు ముట్టుకోకుండా వదిలేసి ఉంటారు, ఇంకొకరు శుభ్రంగా కడిగిన ఏటి ఇసుక ఒక అంగుళం పరిచి ఉంటారు. అందరూ ఇసుక అనే అంటారు. ఆ మాట కింద ఇన్ని వేరే వేరే సంగతులు ఉన్నంతకాలం ఈ వాదన తెగదు.

భూగర్భ శాస్త్రం లెక్కలో ఇసుక అనేది ఒక సైజు పేరు మాత్రమే. 0.0625 మిల్లీమీటర్ల నుంచి 2 మిల్లీమీటర్ల దాకా ఉన్న గింజ ఏదైనా ఇసుకే, అది క్వార్ట్జ్ (పలుగురాయి) అయినా, గవ్వల పొడి అయినా, క్రషర్‌లో నలిగిన గ్రానైట్ అయినా. నీళ్ళకి మాత్రం అది దేంతో తయారైందో చాలా ముఖ్యం. గోదావరి, కృష్ణ ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ గింజలు. ఇవి వేల ఏళ్ళు నీళ్ళలో దొర్లి దొర్లి, కరిగేది కరిగిపోగా మిగిలిన మొండి రాళ్ళు, మన ట్యాంకులో కొత్తగా కరగడానికి ఏమీ ఉండదు. సముద్రపు ఇసుక అలా కాదు. అందులో గవ్వలు, ఆలిచిప్పల ముక్కలు ఉంటాయి, అంటే కాల్షియం కార్బొనేట్. అది కొంచెం కొంచెం కరుగుతూ నీళ్ళని గట్టిపరుస్తుంది, అంటే నీళ్ళలో కాల్షియం లాంటి లవణాలు పెంచుతుంది, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా పెంచుతుంది. ఉప్పు సంగతి సరేసరి. విశాఖ నుంచి భీమిలి దాకా తీరంలో ఎర్రగా, నల్లగా మెరిసే ఇసుక చారలు చూసే ఉంటారు. ఎరుపు గార్నెట్ వల్ల, నలుపు ఇల్మెనైట్ లాంటి ఖనిజాల వల్ల, వాటితో పాటు రేడియోధార్మిక థోరియం ఉండే మోనజైట్ కూడా ఉంటుంది. చూడ్డానికి ఎంత బాగున్నా దాన్ని సీసాలో నింపుకొచ్చి ట్యాంకులో పోయకండి.

గవ్వల పొడి ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గాజు గ్లాసులో రెండు చెంచాల ఇసుక వేసి, మునిగేదాకా వెనిగర్ పోయండి, లేకపోతే నిమ్మరసం. పోయగానే కొన్ని బుడగలు వస్తాయి. చాలామంది ఇక్కడే కంగారు పడతారు, కానీ అవి గింజల మధ్య ఇరుక్కున్న గాలి బుడగలు, పెద్దగా ఉంటాయి, నాలుగు వచ్చి ఆగిపోతాయి. గ్లాసుని ఒకసారి కదిపి, పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి రెండు నిమిషాలు చూడండి. కార్బొనేట్ ఉంటే గింజ దగ్గర్నుంచి సోడాలో లాగా సన్న బుడగల తీగ ఆగకుండా పైకి వస్తూనే ఉంటుంది. అలా వస్తే ఆ ఇసుక టెట్రాల్లాంటి మెత్తటి నీళ్ళ చేపలకి పనికిరాదు. ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్లకైతే అదే మంచిది, వాటికి గట్టి నీళ్ళే కావాలి. ఇంకో సంగతి, మీ ఇంట్లో బాగా గట్టి బోరు నీళ్ళే వాడుతుంటే, అందులో ఇప్పటికే కాల్షియం నిండి ఉంటుంది కాబట్టి కొంచెం గవ్వ పొడి ఉన్నా పెద్ద తేడా తెలియదు. అదే ఇసుక ఆర్వో నీళ్ళు కలిపే ట్యాంకులో వేస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే ఇసుక గురించి ఇద్దరు రెండు రకాలుగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఇక రోబో శాండ్. ఇప్పుడు ఇళ్ళ పనుల్లో ఎక్కువగా కనిపించేది అదే. గ్రానైట్‌ని క్రషర్‌లో కొట్టి చేస్తారు కాబట్టి రసాయనికంగా నీళ్ళకి ఏమీ చేయదు, కానీ గింజలు పగిలిన పెంకుల్లా కోసుగా ఉంటాయి, రాతి దుమ్ము విపరీతంగా ఉంటుంది. నేను మొదటిసారి వేసింది ఇదే. పదిసార్లు కడిగాను, నీళ్ళు పాలల్లా తెల్లగా వస్తూనే ఉన్నాయి, చివరికి ఓపిక అయిపోయి పోసేశాను. వారం దాకా ట్యాంకు వెనక గోడ కనిపించలేదు. చూపుడు వేలితో ఇసుకని గట్టిగా రుద్ది చూసుకుంటే చర్మం మంటెత్తింది, అప్పుడు తెలిసింది అందులో ముక్కు పెట్టి తవ్వుకునే చేప పరిస్థితి. మొత్తం తీసేశాను.

తర్వాత మా వీధి చివర కడుతున్న ఇంటి దగ్గరికి వెళ్ళి మేస్త్రిని అడిగాను. "ఇది గోదారి ఇసుకే సార్, ప్లాస్టరింగ్‌కి తెప్పించినం, మట్టి లేదు చూడుర్రి" అని ఒక గుప్పెడు తీసుకుని రెండు అరచేతుల మధ్య రుద్ది దులిపి, చేతులు చూపించాడు. మట్టి ఉంటే అరచేతులకి మరక అంటుకుంటుందట. ఇల్లు కట్టేవాళ్ళ పరీక్షే మనకీ సరిపోతుంది. నా వంతుగా నేను చూసుకున్నది ఒక్కటే, ఆ కుప్ప పక్కన సిమెంటు కలిపిన ఆనవాళ్ళు ఉన్నాయా అని. సిమెంటు పొడి, సున్నం ముక్కలు కలిస్తే పీహెచ్ ఒక్కసారిగా పైకి పోయి చేపలకి ప్రాణం మీదికొస్తుంది. అందుకే కుప్ప అంచుల్లోంచి కాకుండా, అడుగు వదిలేసి మధ్యలోంచి తీసుకోవాలి, అదీ కొత్తగా దిగిన లోడు నుంచి. రోడ్డు మీద రోజులు గడిచిన కుప్ప కుక్కలకి, పిల్లులకి దొడ్డి అయిపోతుంది.

ఎంత తేవాలి అంటే, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న ట్యాంకులో మూడు సెంటీమీటర్ల మందానికి దాదాపు ఐదున్నర లీటర్ల ఇసుక పడుతుంది, బరువు 8, 9 కిలోలు. ఒక బకెట్ చాలు. తెచ్చాక మొదట పెద్ద జల్లెడలో పోసి గులకరాళ్ళు తీసేయండి, తర్వాత ఇంట్లో పాత పిండి జల్లెడ ఉంటే దాంతో మెత్తటి పొడి దులిపేయండి. రెండు జల్లెళ్ళ మధ్య మిగిలిందే మనకి కావలసిన ఇసుక, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు, రవ్వ కన్నా కొంచెం ముతక. కడగడం బియ్యం కడిగినట్టే. పావు బకెట్ ఇసుక, పైన నీళ్ళు, చెయ్యి పెట్టి అడుగు నుంచి గట్టిగా కలిపి, ఇసుక దిగే లోపే పైన తేలే మురికి నీళ్ళు వంచేయాలి. ఏటి ఇసుకకి పది, పదిహేనుసార్లు పడుతుంది. సబ్బు, సర్ఫ్ జోలికి పోకండి.

కడిగి ఆరబెట్టాక ఒక చిన్న పని చేయండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుకలో నాలుగు వైపులా తిప్పండి. నల్లటి సన్న గింజలు మీసాల్లా పట్టుకుంటాయి, చిన్నప్పుడు మనం ఆడుకున్న ఆటే. అది ఇనుము ఉన్న మాగ్నెటైట్. నీళ్ళలో దాని వల్ల చేపకేం కాదు, కానీ పవర్ ఫిల్టర్ లోపల నీళ్ళని తోస్తూ తిరిగే చిన్న చక్రానికి, అంటే ఇంపెల్లర్‌కి, అయస్కాంతం ఉంటుంది. ఈ గింజలు వెళ్ళి దానికి అంటుకుని గరగరమని శబ్దం చేస్తూ ఇరుసుని అరగదీస్తాయి. గాజు తుడిచే మాగ్నెట్ క్లీనర్‌కి అంటుకుంటే ఇంకా బాధ, ఒక్క తుడుపుకి గాజు మీద గీత పడుతుంది. మామూలు ఇసుక గింజతోనైనా పడుతుంది, ఎందుకంటే మోస్ స్కేల్ మీద క్వార్ట్జ్ గట్టిదనం 7, గాజుది ఐదున్నర దరిదాపు. అందుకే తుడిచేటప్పుడు ఇసుకకి రెండు వేళ్ళ పైనే ఆపేయాలి. ఫిల్టర్ నీళ్ళు పీల్చే మూతి కూడా అడుగు నుంచి మూడు, నాలుగు అంగుళాలు పైకి ఉండాలి.

ఇంత శ్రమ ఎందుకంటే చేపల కోసమే. కోరిడోరస్ అనే చిన్న క్యాట్‌ఫిష్‌ని ఇసుక మీద ఒకసారి చూడండి. కళ్ళ దాకా ముక్కు దూర్చి, నోటినిండా ఇసుక తీసుకుంటుంది, రెండు మొప్పల పక్కనుంచి అది సన్నటి పొగలా జారిపోతూ ఉంటుంది. రాళ్ళ మీద అదే చేప ఊరికే అటూ ఇటూ తిరుగుతుంది. రాళ్ళ సందుల్లో పడిన తిండి దానికి అందదు, అక్కడే పాచిపోతుంది. దాని మీసాలు అరిగిపోతే గరుకు ఇసుకే కారణమని అంటారు, నేను చూసినంతలో మాత్రం పాచిపోయిన అడుగు వల్ల పుండుపడి రాలిపోవడమే ఎక్కువ. మన గోదావరి జిల్లాల్లో పులుసు పెట్టుకునే బొమ్మిడాయిల సంగతి తీసుకోండి. వాటి జాతి చేపల్నే అక్వేరియం షాపుల్లో స్పైనీ ఈల్ అని అమ్ముతారు. ఇసుక వేసిన ట్యాంకులో వదిలితే ఒళ్ళంతా అటూ ఇటూ ఆడిస్తూ కిందికి దిగిపోయి, సూదిలాంటి ముక్కు కొస మాత్రం పైకి పెట్టి పడుకుంటుంది. రంగు రాళ్ళ మీద అదే పని చేయబోయి ఒళ్ళంతా గీరుకుంటుంది, ఆ గీతలకి ఫంగస్ పడుతుంది. ఇలాంటి చేపకి ఇసుక పరుపు లాంటిది, దాన్ని లేకుండా చేసి పెంచడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ విషం సంగతి. భయం ఉత్తిది కాదు, కానీ దాని వెనక జరిగేది తెలిస్తే టెన్షన్ పడాల్సిన చోటు వేరే అని అర్థమవుతుంది. వరి చేలో దిగినవాళ్ళకి ఇది ఇట్టే బోధపడుతుంది. నీళ్ళు నిలిచిన మడిలో కాలు దిగబడితే పైన గోధుమ రంగు బురద, కింద నల్లటి బురద వస్తుంది, కాలు పైకి లాగితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. అదే హైడ్రోజన్ సల్ఫైడ్. గాలిలో కన్నా నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. పైన ఉన్న బ్యాక్టీరియా దాన్ని వాడేసుకుంటే కింది పొరకి చేరదు. అక్కడ బతికే బ్యాక్టీరియా ముందు చేపల వ్యర్థాల నుంచి నీళ్ళలో చేరే నైట్రేట్‌ని వాడుకుని దాన్ని నైట్రోజన్ గ్యాస్‌గా మార్చేస్తుంది, ఇది మనకి మేలే, లెక్క ప్రకారం నీళ్ళు మార్చే పని కొంత తగ్గుతుంది. నైట్రేట్, ఇనుము లాంటివి అయిపోయాక సల్ఫేట్ మీద పడుతుంది, అప్పుడు ఆ వాసన పుడుతుంది. పుట్టినదాంట్లో చాలా భాగం అక్కడే ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా ఉండిపోతుంది, ఆ నలుపు అదే. తప్పించుకుని పైకొచ్చింది కూడా ఆక్సిజన్ ఉన్న నీళ్ళు తగిలేసరికి మారిపోతుంది. అంటే ఇసుకలో నల్ల మచ్చ కనిపించినంత మాత్రాన చేపలు చావవు.

మరి చచ్చినవి ఎందుకు చచ్చాయి? చాలా కథల్లో ఒకే సంఘటన ఉంటుంది, మందంగా పోసి, ఏళ్ళ తరబడి ముట్టుకోని ఇసుకని ఒకరోజు శుభ్రం చేద్దామని చేపలు లోపల ఉండగానే చేత్తో తిరగేశారు. కింద దాగినదంతా, సల్ఫైడ్, అమ్మోనియా, సగం కుళ్ళిన తిండి, ఒక్కసారిగా నీళ్ళలో కలిసింది, ఉన్న ఆక్సిజన్ దానికే అయిపోయింది. అలాంటి ఇసుక మీ ట్యాంకులో ఉంటే చేపల్ని వేరే టబ్బులోకి మార్చి అయినా తీయండి, లేదా వారానికి అరచేతి వెడల్పు చొప్పున సైఫన్ పైపుతో లాగేయండి.

చల్లని దేశాలవాళ్ళు చెప్పే మందం లెక్కలు మనకి కొంచెం తగ్గించుకోవాలని నా అభిప్రాయం. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకి ఏడున్నరే. మే నెలలో మన ట్యాంకులు 32 దాకా పోతాయి, ఆ వేడికి బ్యాక్టీరియా ఆకలి కూడా పెరుగుతుంది. అందుకే మొక్కలు లేని ట్యాంకులో మూడు సెంటీమీటర్లు దాటకండి. మొక్కలు ఉంటే ఐదారు ఉన్నా పర్వాలేదు, మళ్ళీ వరి చేనే గుర్తు తెచ్చుకోండి. పైరు మధ్యలో ఒక కుదురు పీకి కడిగితే వేళ్ళు తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉంటాయి, చుట్టూ నల్ల బురద ఉన్నా సరే. ఆకుల్లోంచి గాలి వేళ్ళ దాకా దిగి, అక్కడ బయటికి వచ్చి ఇనుముని తుప్పుగా మారుస్తుంది. వేరు తన చుట్టూ తానే ఊపిరి పోసుకుంటుంది. వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్ లాంటి నీటి మొక్కల వేళ్ళు ట్యాంకులో చేసేదీ అదే. రైతు మడిని మధ్యలో ఆరగట్టి బురదకి గాలి తగిలిస్తాడు. మనకి ఆ వీలు లేదు కానీ, సన్నగా పొడుగ్గా మర మేకులా ఉండే ట్రంపెట్ నత్తలు ఉన్నాయి. పగలంతా ఇసుకలో దూరి తిరుగుతూ దున్నుతూనే ఉంటాయి. మన కాలువల్లో కూడా ఉంటాయి ఇవి, కానీ అక్కడివి పరాన్నజీవుల్ని మోసుకొస్తాయి కాబట్టి చేపలు పెంచే ఇంకొకరి దగ్గర నాలుగు అడిగి తెచ్చుకోవడం మంచిది.

ఒక్క చోట మాత్రం ఇసుక అస్సలు వద్దు, అడుగున రంధ్రాల ప్లేటు పరిచి పైన రాళ్ళు పోసే అండర్ గ్రావెల్ ఫిల్టర్ ఉన్న ట్యాంకులో. ఆ ప్లేటు రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు లాగడానికి చేసింది, ఇసుక వేస్తే రంధ్రాల్లోంచి జారి ప్లేటు కింద నిండిపోతుంది. స్పాంజ్ ఫిల్టర్ పెట్టుకోండి.

మొదటి నెలలో ఇసుక మీద గోధుమ రంగు పొర వస్తుంది. అది డయాటమ్స్ అనే నాచు. దానికి సిలికా కావాలి, ఇసుకలోని క్వార్ట్జేమో సిలికానే, కాబట్టి నేరం ఇసుక మీద పడుతుంది. నిజానికి క్వార్ట్జ్ కరిగేది చాలా చాలా నెమ్మదిగా, మన బోరు నీళ్ళలో కరిగి వచ్చే సిలికానే ఆ నాచుకి సరిపోతుంది. కొత్త ట్యాంకు కుదురుకున్నాక దానంతట అదే పోతుంది. మొక్కలకి ఇసుకలో తిండి ఉండదు, వేళ్ళ దగ్గర రూట్ ట్యాబ్లెట్లు అనే ఎరువు బిళ్ళలు గుచ్చితే చాలు. తెల్లటి ఇసుక మీద చేపల రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, ఏటి ఇసుక రంగే వాటికి హాయి.

ఇక పాప వాళ్ళ ట్యాంకు. ఫిల్టర్ స్పాంజ్‌ని మాత్రం ముట్టుకోలేదు, రాళ్ళ మీద ఉన్న మంచి బ్యాక్టీరియా పోయినా అందులోది మిగలాలి కదా. చేపని బకెట్లోకి తీసి రాళ్ళు మగ్గుతో తోడుతుంటే, పైకి తళతళలాడుతున్న ఆ నీలం రాళ్ళ కింద నుంచి నల్లటి చిక్కటి నీళ్ళు వచ్చాయి, డికాక్షన్ లాగా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ప్రతి వారం నీళ్ళు మారుస్తూనే ఉన్నామండీ" అన్నారు చివరికి. మారుస్తూనే ఉన్నారు, ఆ మాట నిజమే. రాళ్ళ సందుల్లోకి దిగిన రెట్ట, తిండి కంటికి కనిపించదు. ఇసుకలో సందు లేదు, అంతా పైనే పడి ఉంటుంది, అందుకే ఇసుక వేస్తే మురికి ఎక్కువైందనిపిస్తుంది. అలా పైన ఉన్నదాన్ని తీయడం తేలిక, సైఫన్ పైపుని ఇసుకకి వేలెడు ఎత్తులో పట్టుకుని గుండ్రంగా తిప్పితే తేలికపాటి రెట్ట లేచి పైపులోకి పోతుంది, బరువైన ఇసుక ఉండిపోతుంది. పాపకే నేర్పించాను, రెండోసారికే పట్టు దొరికింది.

ఆ వారం రోజూ కొంచెం నీళ్ళు మార్చమని, తిండి సగానికి తగ్గించమని చెప్పి వచ్చాను. ఇసుక మీద పళ్ళెం పెట్టి నీళ్ళు పోసినా మొదటి రాత్రి కాస్త మసకగానే ఉంది. పొద్దున్నే పాప స్కూలు యూనిఫాంలో మళ్ళీ పైకొచ్చింది. గోల్డ్‌ఫిష్ మూలన గిన్నెంత గుంట తవ్విందట, మళ్ళీ పూడ్చాలా వద్దా అని అడగడానికి.